నాగదుర్గ ఇంట్లో సూర్యకళ ప్రస్థానం

రాజోలు అవతల మా లంకలో ఒక మాట తిరుగుతూ ఉంటుందండి. ఎవరు పుట్టించారో తెలీదు, ఇప్పటిదాకా రుజువు చేసిన మగాడూ లేడు, ఆడదీ లేదు. కువైట్ సూర్యకళ ఆ దేశం గడప దాటకుండానే, గడపకి ఇవతల నిలబడి, అవతల ఉన్న ముసలమ్మ నోట్లో నీళ్ళు పోసి వెనక్కొచ్చేసిందంట. ఆ నీళ్ళు పోస్తున్నంతసేపూ ఎగరాల్సిన విమానాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయంట. తుపాకులు పట్టుకున్న పోలీసులు టోపీలు తీసి చంకలో పెట్టుకున్నారంట. మలికిపురం మనిషొకడు అక్కడి ఎయిర్‌పోర్టులో నేల తుడుస్తాడు, వాడు కళ్ళారా చూశాడంట. వాడి పేరేంటంటే మటుకు ఇంటికో పేరు చెప్తారు.

విమానాల సంగతి వదిలెయ్యండి. అవి ఆగినా ఎగిరినా మనకేం పోయింది. నీళ్ళ సంగతే అసలు సంగతి. అది తెలియాలంటే సూర్యకళ మొదటిసారి కువైట్ వెళ్ళిన రోజు దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రోజు మంగళవారం. మంగళవారం పొలిమేర దాటకూడదని పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ ఏజెంటు పొద్దున్నే జీపేసుకుని వచ్చి, "ఎక్కమ్మా ఎక్కు, సీటు పోద్ది," అని గోల పెట్టేశాడు. వర్జ్యం చూసుకోలేదు, శకునం చూసుకోలేదు. ఎదురుగా వట్టి కావిడితో మనిషి వస్తున్నాడు, అయినా ఆగలేదు. మొగుడు గంగరాజు కొబ్బరి దింపుకి వెళ్ళే మనిషి. ఈ దరిని చెట్టెక్కితే ఆ దరిని దిగేవాడని చెప్పుకునేవారు, అంత చలాకీ. జీపు వెనకాల కొంత దూరం పరిగెత్తాడు. "సూర్యా, మంచినీళ్ళ సీసా మర్చిపోయావే," అని చెయ్యూపాడు. జీపు ఆపలేదు. ఆ సీసా గంగరాజు చేతిలోనే ఉండిపోయింది.

ఏడాది తిరక్కుండా గంగరాజు చెట్టు మీంచి పడ్డాడు. వానాకాలం, మట్ట జారింది. ఒక పగలు బతికాడు. ఆ పగలంతా, "సూర్యా, నీళ్ళియ్యి. సూర్యా, నీళ్ళియ్యి," అన్నాడు. నోట్లో నీళ్ళు పొయ్యని మనిషి లేడు లంకలో. అందరూ పోశారు. ఆయన ప్రతి గుక్కా మింగాడు, మళ్ళీ అదే మాట అన్నాడు. సూర్యకళకి కబురెళ్ళేటప్పటికి చిన్నదినం కూడా అయిపోయింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంది, కొత్తగా వెళ్ళిన మనిషిని పంపరు. ఆ ఇంటి వంటగదిలో గోడకి వీపానించి కూర్చుని, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

అప్పుడు ఆ ఇంటి ముసలావిడ తడుముకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. అక్కడ ఇంటి ఆడమనిషిని పనివాళ్ళు మామా అనే పిలుస్తారు. మామాకి అప్పటికే ఒక కన్ను పోయింది, రెండోది పోతూ ఉంది. ఈవిడ భాష ఆవిడకి రాదు, ఆవిడ భాష ఈవిడకి రాదు. ముసలావిడ లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి, సూర్యకళ గడ్డం పట్టుకుని తాగించింది. పనిమనిషికి యజమానురాలు నీళ్ళు తాగించింది, చూడండి. ఆ రోజునుంచి సూర్యకళ ఆవిణ్ణి అరచేతుల్లో పెట్టుకుంది.

పెట్టుకుందంటే మామూలుగా కాదు. పంతొమ్మిదేళ్ళు. రెండో కన్ను కూడా పోయాక స్నానం చేయించింది, జడేసింది, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదకి మోసింది. బిస్మిల్లా అంటే గానీ మామా నోరు తెరవదు. అందుకని మన అన్నవరం సత్యనారాయణస్వామి భక్తురాలు రోజూ ముద్దముద్దకీ బిస్మిల్లా అంది. ఇంకో చేత్తో పెడితే ఉమ్మేసేది మామా. ఓసారి సూర్యకళకి జ్వరమొస్తే వేరే దేశం అమ్మాయిని పెట్టారంట, మామా ఆ పిల్ల వేలు పట్టుకుని కొరికితే కుట్లు పడ్డాయంట. పళ్ళే లేని ముసలావిడ ఎలా కొరికిందని అడక్కండి, చెప్పినవాళ్ళని అడగండి.

అలాంటి మామా ఒకరోజు సూర్యకళ చెయ్యి పట్టుకుని అంది. "నా కళ్ళు పోయాయి. ఈ చెయ్యి పోకూడదు. ఆఖరి నీళ్ళు నువ్వే పొయ్యాలి." సూర్యకళ చేతిలో చెయ్యేసి మాటిచ్చింది. గంగరాజుకి పొయ్యలేకపోయిన నీళ్ళు ఈవిడకైనా పొయ్యాలి. ఆ ఒక్క పనీ అయిపోతే తన బతుకు రుణం తీరినట్టేనని అనుకుంది.

మోసి మోసి మోకాళ్ళు అరిగిపోయాయి. మామా కొడుకు ఫహద్ మంచోడే. "వెళ్ళి ఆపరేషన్ చేయించుకునిరా, కానీ అకామా సంగతి మర్చిపోకు," అన్నాడు. అకామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాయితమండి. దాని మీద తేదీ ఎంత దూరం ఉన్నా సరే, మనిషి ఆరు నెలలు దాటి దేశం బయట ఉందా, చచ్చినట్టే. పాలు తియ్యడం మానేస్తే వట్టిపోయే గేదె లాంటిది. వట్టిపోయిందంటే మళ్ళీ కొత్త వీసా కావాలి. అరిగిన మోకాళ్ళతో, నెరిసిన జుట్టుతో వెళ్ళే ఆడదానికి కొత్త వీసా ఎవడిస్తాడు?

వైశాఖం ఎండల్లో దిగింది సూర్యకళ. కాకినాడలో రెండు మోకాళ్ళకీ ఆపరేషనయ్యింది. నడవడానికే ఆశ్వయుజం వచ్చేసింది. కువైట్ నుంచి ఫోన్ వచ్చేది. ఫహద్ ఫోన్ తల్లి చెవి దగ్గర పెడితే, ఆవిడ ఒకటే మాట. "సూరియా, వేనిచ్?" ఎక్కడున్నావే అని. సూర్యకళ కూడా ఒకటే మాట చెప్పేది. "వస్తున్నా మామా. బయల్దేరిపోయా." రోజూ బయల్దేరిపోయేది పాపం, మంచం మీంచే. ఆ మాట విన్నాకే మామా కొడుకు చేత్తో నాలుగు ముద్దలు మింగేదంట.

నడక రాగానే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిపోవచ్చు కదా అంటారు. తమ్ముడు త్రిమూర్తులు కూడా అదే అన్నాడు. రాజోల్లో అద్దెకారు తోలతాడు, నోరెక్కువ, అక్కంటే ప్రాణం.

"అక్కా, రేపే పోదాం. కారు నాది, డీజిలు నాది."

"మూఢాలు వెళ్ళనివ్వరా. ఒకసారి ముహూర్తం చూసుకోకుండా వెళ్ళి చూశాను కదా, చాలు."

ఆ మాట బావ గంగరాజు చావు గురించేనని త్రిమూర్తులుకి తెలుసు. మంగళవారం గడప దాటింది తనేనని, ఆ దెబ్బ మొగుడికి తగిలిందని సూర్యకళ నమ్మకం. పోనీ కాదని ఎవరైనా చెప్పారా అంటే, లంకలో ఒక్కరూ చెప్పలేదు.

శాస్త్రిగారు పంచాంగం తిరగేసి, ఆ కార్తీకంలో ఒక్కటే ముహూర్తం తీశారు. బుధవారం పొద్దున్న. విమానమేమో శుక్రవారం. ఆ శుక్రవారమే అకామాకి ఆఖరు రోజు.

"ఇదేం కూడిక శాస్త్రిగారూ? ముహూర్తం ఒకరోజు, విమానం ఒకరోజు!"

"దానికేముందమ్మాయ్, ప్రస్థానం పెట్టు," అన్నారాయన.

మంచి గడియలో మనిషి బయల్దేరలేకపోతే, మనిషికి బదులు ఒక వస్తువుని ఆ గడియకి ఇంట్లోంచి తీసుకెళ్ళి వేరే ఇంట్లో పెడతారు. దాన్నే ప్రస్థానం అంటారు. వస్తువు గడప దాటితే మనిషి దాటినట్టే. తర్వాత మూడు రోజుల్లో ఎప్పుడు బయల్దేరినా, ఆ ముహూర్తానికి బయల్దేరినట్టే లెక్క. ఒకటే కట్టుబాటు. పెట్టిన వస్తువుని మళ్ళీ సొంతింట్లోకి తేకూడదు, అటునుంచి అటే పట్టుకుపోవాలి.

మామూలుగా అందరూ ఓ తువ్వాలో, రూపాయి బిళ్ళ కట్టిన గుడ్డో పెడతారు. సూర్యకళ అలా ఊరుకునే రకమా?

"శాస్త్రిగారూ, మనిషికి బదులంటే మనిషిలాంటి వస్తువు ఉండాలి కదండీ?"

"ఉంటే మరీ మంచిది," అని ఆయన ఎటో చూస్తూ అనేశారు. ఆయనకేం తెలుసు, ఆ మాట ఎంత దూరం పోద్దో.

తన ఫొటో, తన పేరు, తన వేలిముద్ర ఉన్న వస్తువు పాస్‌పోర్టు కంటే ఏముంది? పాస్‌పోర్టు, అకామా కార్డు, టిక్కెట్టు కాయితం అన్నీ కలిపి పసుపురాసిన గుడ్డలో చుట్టి చేతిసంచిలో పెట్టింది. బుధవారం మంచి గడియకి సంచి పట్టుకుని, పక్కింటి నాగదుర్గ గడపలో కుడికాలు పెట్టింది.

నాగదుర్గ వరసకి వదిన. గంగరాజుకి పెదనాన్న కూతురు. గంగరాజు నీళ్ళడిగిన పగలంతా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నదీ ఆవిడే. సంచి తీసుకుని దేవుడి గూటి కింద పెట్టింది.

"ఏమే సూరీడూ, ఇంత బరువుందేంటి? మామాకి మినపసున్ని కట్టావా?"

"నేనే ఉన్నాను వదినా అందులో. జాగ్రత్త."

"నా ప్రాణం పోయినా నువ్వు పోవు, సరేనా," అని నవ్వింది నాగదుర్గ.

ఇక్కడ వచ్చింది గొడవ. నాగదుర్గ ఎప్పుడూ ఎక్కడికెళ్ళినా తాళంచెవి తులసికోట వెనకాల పెట్టి వెళ్ళే మనిషి. కుక్కక్కూడా తెలుసు ఆ సంగతి. కానీ గురువారం తెల్లవారుజామున ఇంటికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని, మొదటి బస్సు ఎక్కేసింది. పాలుపోసే పాపాయికి మటుకు చెప్పింది. "అన్నవరం వెళ్ళొస్తానే. సాయంత్రానికి వచ్చేస్తా. సూర్యకళకి చెప్పకు." ఎందుకంటే సూర్యకళ ప్రయాణం సుఖంగా జరగాలని, ఆవిడ పేరున వ్రతం చేయించి, ప్రసాదం తెచ్చి, శుక్రవారం పొద్దున్న చేతిలో పెట్టాలని ఆవిడ ఆశ. తాళంచెవి ఎందుకు పట్టుకుపోయిందంటారా? లోపల సూర్యకళ ఉంది కదండీ.

కార్తీకమాసంలో అన్నవరం సంగతి చెప్పాలా? కొండ మీద ఇసక వేస్తే రాలదు. గురువారం నాగదుర్గకి వ్రతం దొరకలేదు. మొక్కు తీరకుండా కొండ దిగకూడదు కాబట్టి రాత్రి అక్కడే సత్రం అరుగు మీద పడుకుంది. ఫోను ఛార్జింగు అయిపోయి మూగబోయింది.

ఇక్కడ సాయంత్రం నుంచి సూర్యకళ ఆ ఇంటి మెట్ల మీద కూర్చుంది. ఒక్కో బస్సూ వచ్చిపోయింది. పాపాయి ఇక దాచలేక చెప్పేసింది. త్రిమూర్తులు గునపం పట్టుకొచ్చాడు.

"లే అక్కా పక్కకి. ఒక్క పోటు."

"ఒద్దు."

"ఏంటి ఒద్దు? వదినే కదా. రేపు కొత్త తాళం నేను కొనిస్తా."

"ప్రస్థానం పెట్టిన ఇల్లురా. ఆ తాళం పగలగొట్టి వెళ్తే, వెళ్ళే పని పగలదూ?"

"నీ పని ఇక్కడే పగిలేలా ఉంది!"

"మంగళవారం కూడా ఇలాగే తొందరపెట్టారు," అంది సూర్యకళ. గట్టిగా అనలేదు. త్రిమూర్తులు గునపం గోడకానించి, మెట్టు మీద అక్క పక్కనే కూర్చున్నాడు. ఆఖరి బస్సు కూడా వచ్చింది. నాగదుర్గ దిగలేదు.

శుక్రవారం తెలతెలవారుతుండగా కారు తీశారు. అమలాపురం, యానాం వంతెన, కాకినాడ. త్రిమూర్తులు తోలిన తోలుడికి దారిలో కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయంటారు. వెనక సీట్లో సూర్యకళ గోదారికి దణ్ణం పెట్టింది, సముద్రానికి దణ్ణం పెట్టింది, కనిపించిన ప్రతి గుడికీ పెట్టింది. చెయ్యి దించితే ఒట్టు.

కొండ మీద వ్రతమండపంలో నాగదుర్గ దొరికింది. పీట మీద కూర్చుని, ముందు కలశం, విస్తరిలో బియ్యం. అప్పుడే పురోహితుడు సంకల్పం అయ్యిందనిపించి కథ ఎత్తుకున్నాడు. సూర్యకళని చూడగానే నాగదుర్గ మొహం పాలిపోయింది. లేవబోయింది. చుట్టూ ఉన్న ఆడాళ్ళు, "కూర్చోండమ్మా, కథ మధ్యలో లేస్తారేంటి," అని కసిరారు.

నాగదుర్గ కొంగు ముడి విప్పి, తాళంచెవి సూర్యకళ అరచేతిలో పెట్టింది. "పో సూరీడూ. పరిగెత్తు. నేను చచ్చిందాన్ని, బుద్ధిలేనిదాన్ని, పో."

సూర్యకళ కదలలేదు. "ఎవరి పేరున వదినా వ్రతం?"

"నీదే. నీ గోత్రం చెప్పించాను."

అదిగో, అక్కడ ఆగిపోయింది సూర్యకళ. సముద్రం దాటి వెళ్ళేవాళ్ళు ఈ కథ సగంలో లేచి, ప్రసాదం తినకుండా వెళ్తే ఏమవుతుందో ఈ గోదారి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ కథ చెప్పేదే అది. తన పేరున పెట్టిన పీట ముందునుంచి, తను సముద్రం దాటుతూ, తనే లేచిపోతే? వట్టి కావిడి ఎదురొచ్చిన రోజు కళ్ళ ముందు తిరిగింది. జీపు వెనకాల నీళ్ళ సీసాతో పరిగెత్తిన మనిషి తిరిగాడు.

కొత్త మోకాళ్ళు మడవకూడదన్నారు డాక్టర్లు. మడిచింది. నాగదుర్గ పక్కన నేల మీద చతికిలబడింది. తాళంచెవి గుప్పెట్లో బిగించి, కళ్ళు మూసుకుని, కథ మొత్తం విన్నది. ఒక్కో అధ్యాయానికీ కొబ్బరికాయ కొడుతున్నారు. కొట్టినప్పుడల్లా ఉలిక్కిపడింది. చెట్టు మీంచి పడ్డ చప్పుడు ఎలా ఉంటుందో ఆవిడ వినలేదు కదా, అలాగే ఉంటుందనుకునేది.

బయట త్రిమూర్తులు స్తంభానికి తల కొట్టుకుంటున్నాడు. స్తంభం పగిలిందని కొందరు, తల పగిలిందని కొందరు. రెండూ బాగానే ఉన్నాయి, ఎవరికైనా చూపిస్తాడు.

ప్రసాదం విస్తరాకు పొట్లంలో చేతికొచ్చింది. సూర్యకళ కళ్ళకద్దుకుని తింది. అప్పుడు లేచింది. నాగదుర్గ కూడా వెంటపడి వస్తుంటే, "నువ్వు మెల్లగా రా వదినా, నా పని అయిపోతుందిలే," అని వీపు నిమిరింది. మెట్లు దిగేటప్పుడు ఒక చెయ్యి తమ్ముడి భుజం మీద, ఒక చెయ్యి గుప్పెట మూసి.

కత్తిపూడి దగ్గర గుడికొచ్చే కార్లతో రోడ్డు నిండిపోయింది. త్రిమూర్తులు హారను మీంచి చెయ్యి తియ్యలేదు. లంకకొచ్చి, తాళం తీసి, పసుపుగుడ్డ తీసుకుని, సొంతింటి వైపు చూడకుండా అటునుంచి అటే కారెక్కి, రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి వచ్చేసరికి, ఎక్కాల్సిన విమానం తల మీంచే వెళ్ళింది. త్రిమూర్తులు దాన్ని బూతులు తిట్టాడు. సూర్యకళ దానికీ దణ్ణం పెట్టింది.

సాయంత్రం విమానానికి టిక్కెట్టు దొరికింది. హైదరాబాదు వెళ్ళి, అక్కడినుంచి కువైట్. ఇక్కడ విమానం ఎక్కేటప్పటికి అకామా బతికే ఉంది. అక్కడ దిగేటప్పటికి తెల్లారింది, తేదీ మారింది.

కౌంటరులో ఉన్నవాడు మనిషి మంచోడిలాగే ఉన్నాడు. పాస్‌పోర్టు మిషను మీద పెట్టాడు, తెర చూశాడు, మళ్ళీ చూశాడు. "ఖలాస్," అన్నాడు. అయిపోయిందని. ఆ మాట సూర్యకళ ఆ దేశంలో లక్షసార్లు విన్నది. బియ్యం ఖలాస్, సబ్బు ఖలాస్. పాస్‌పోర్టుకి అంటిన పసుపు వాడి వేళ్ళకి అంటుకుంటే, వాడు చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఒక్క పూట, బాబూ. మా మామా ఉంది. చూసి వచ్చేస్తా. చూసి అటునుంచి అటే వచ్చేస్తా," అని వాళ్ళ భాషలోనే బతిమాలింది. వాడు తల ఊపాడు, ఒప్పుకోవడానికి కాదు. గోడవార కుర్చీ చూపించాడు. తిరుగు విమానం వచ్చేదాకా అక్కడే కూర్చోవాలి. ఎదురుగా నేల మీద పసుపుపచ్చ గీత ఉంది. గీతకి అవతల కువైట్.

ఫహద్‌కి ఫోన్ చేసింది. ఇక్కడినుంచే అసలు పుకారు మొదలవుతుందండి. ఫహద్ తల్లిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, ఏ గుమ్మంలోంచి తెచ్చాడో, ఎవరి కాళ్ళు పట్టుకున్నాడో, ఆ గీత అవతల అంచు దాకా తెచ్చాడంట. అప్పటికి మామా వారం రోజులుగా ముద్ద ముట్టలేదంట. ముసలావిడ గాలిలోకి ముక్కెత్తి, కొబ్బరినూనె వాసన పట్టి, "సూరియా, వేనిచ్?" అందంట.

"ఇక్కడే మామా. వచ్చేశా."

సూర్యకళ గీత ముందు మోకాళ్ళ మీద కూర్చుందంట. చల్లటి సీసా నీళ్ళు మూతలోకి వంచి, చెయ్యి గీత దాటించిందంట. మనిషి ఇవతల, చెయ్యి అవతల. కౌంటరు వాడు ఆ చేతిని చూశాడు. చూసి, కుర్చీ తిప్పుకుని గోడ వైపు కూర్చున్నాడంట.

"బిస్మిల్లా," అంది సూర్యకళ.

మామా నోరు తెరిచింది. ఒక మూత తాగింది. ఇంకో మూత. మూడోది. తర్వాత ఆ చెయ్యి పట్టుకుని తన బుగ్గకి ఆనించుకుని, చాలాసేపు వదల్లేదంట. సూర్యకళ ఏడవలేదంట. గంగరాజప్పుడే ఏడవాల్సిందంతా ఏడ్చేసింది.

సాయంత్రం విమానంలో ఆవిణ్ణి వెనక్కి పంపేశారు. పదిరోజులు తిరక్కుండా మామా పోయిందని ఫహద్ ఫోన్ చేశాడు. ఆ తర్వాత ఎవరి చేతి నీళ్ళూ ముట్టలేదని కూడా అన్నాడంట.

నాగదుర్గ సంగతి చెప్పలేదు కదూ. అన్నవరం నుంచి వచ్చినరోజే తాళంకప్ప, తాళంచెవి రెండూ పట్టుకెళ్ళి కాలవలో పడేసింది. ఇప్పటికీ ఆ ఇంటికి తాళం లేదు. ఊరెళ్ళినా తలుపు దగ్గరగా వేసి పోతుంది. నెలరోజులు సూర్యకళ మొహం చూడలేదు. తనే ఆ అకామా పీక నొక్కేశానని అందరితో చెప్పుకుని ఏడ్చింది. సూర్యకళ వెళ్ళి పిలిస్తే తలుపు చాటున నక్కేది. ఆఖరికి సూర్యకళ ఒకరోజు తలుపు తోసుకుని వెళ్ళి, పొయ్యి వెలిగించి, ఇద్దరికీ టీ పెట్టి, గ్లాసు చేతికిచ్చి, "చల్లారిపోద్ది, తాగు," అంది. అంతే. మళ్ళీ ఆ సంగతి ఇద్దరి మధ్యా రాలేదు.

మొన్న మాఘమాసంలో మధ్యాహ్నం, నాగదుర్గ అరుగు మీద వదినా మరదళ్ళిద్దరూ కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. పాపాయి పాలగిన్నె దించి, చెంగుతో మొహం తుడుచుకుంటూ అడగనే అడిగేసింది. దాని కడుపులో మాట దాగదు కదా.

"సూర్యకళమ్మగారూ, నిజం చెప్పండి. నాగదుర్గమ్మగారి తాళం వల్లే కదండీ మీ అకామా పోయింది? పాపం ఆ ముసలావిడకి గీత ఇవతల కూర్చుని చల్లటి సీసా నీళ్ళు పోశారంట..."

నాగదుర్గ చేతిలో కాయ అలాగే ఆగిపోయింది.

"చల్లనీళ్ళేంటే పిచ్చిమొహమా, చల్లనీళ్ళు ఆవిడ గొంతుకి ఎక్కడ పడతాయి," అని సూర్యకళ గబుక్కున అనేసి, అక్కడ నాలిక కరుచుకుంది. నాగదుర్గ వైపు ఒకసారి చూసింది. తర్వాత ఒలిచిన గింజలు చేటలోకి దులిపి, కొంగు బిగించింది.

"ఏ తాళమే? ఎవరి తాళం? ఈ ఇంటికి తాళం ఎప్పుడుంది, నువ్వు చూశావా? నా సంచి నా మంచం కిందే ఉంది. మా వదిన ఆ కార్తీకంలో అన్నవరం మొహమే చూడలేదు, ఇక్కడే నా మోకాళ్ళకి కాపడం పెట్టుకుంటూ కూర్చుంది. నాకే వెళ్ళబుద్ధి కాలేదు, మానేశాను. విమానం ఎక్కలేదు, దిగలేదు. గీత లేదు, కుర్చీ లేదు, నీళ్ళు లేవు. ఎవరో పనిలేనివాళ్ళు కట్టిన కథ, అందులో ఒక్క ముక్క కూడా నిజం లేదు. పో, పాలు విరిగిపోతాయి."